తలుపేసుకుని తిన్న రొట్టె

మా సంఘపెద్ద లేవి మామకు ఆదోనిలో మేడ ఉంది, కారు ఉంది, బైబిల్లో ప్రతి మాటకూ ఒక అర్థం ఉంది. ఆ అర్థాలన్నీ ఆయన వీలును బట్టే ఉండటం మాత్రం విచిత్రం. రైల్వేలో రిటైరై వచ్చి పెద్దరికం చేపట్టాడో లేదో, కోసిగి పక్కనున్న మా చిన్న గుడికి కూడా రైలు వేళలు తగిలించాడు. ఆరాధన పొద్దున ఏడుకే మొదలవ్వాలి. నెల మొదటి ఆదివారం ప్రభు సంస్కారం ఇచ్చేటప్పుడు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు, తలుపు గడియ పడాలి. ఆలస్యమైనవాళ్ళు పైనెల దాకా ఆగాలి.

ఇదివరకు ఇట్లా లేదు. మా వాడలో ఆడవాళ్ళు ఆదివారమైనా చేనికి పోవాల్సిందే. ఎండెక్కాక వచ్చి, కాళ్ళు కడుక్కుని గుడిలో కూచునేవాళ్ళు. పాత పాస్టరు అయ్యగారు పాట మీద పాట పాడిస్తూ వాళ్ళు వచ్చేదాకా కాలం గడిపేవారు. ఇప్పుడున్న యేసుప్రసాద్ అయ్యగారూ మంచివాడే. కాకపోతే లేవి మామ ఏమన్నా గంగిరెద్దులా తలాడిస్తాడు.

ఆ నెల మొదటి ఆదివారమే మా వాళ్ళు సుగ్గికి పోతున్నారు. సుగ్గి అంటే వలస. గుంటూరు వైపు మిరప కోతలకు సంఘంలో సగం మంది లారీ ఎక్కుతారు, ఉగాది దాటితే గానీ తిరిగి రారు. మా అమ్మ కృపమణి కూడా పోతోంది. పోయినేడు మా నాయన సంస్కారం తీసుకోకుండానే లారీ ఎక్కాడు. మిరపచేలో ఎండదెబ్బకు పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. దానికీ దీనికీ సంబంధం లేదే అని నేను తల బాదుకున్నా అమ్మ వినలేదు. "ఈతూరి రొట్టె తిననిదే నేను లారీ ఎక్కను" అని భీష్మించుకుంది. అదే పొద్దున రైతు చివరి పత్తి తీతకు రమ్మన్నాడు. రాకపోతే మళ్ళీ పనికి పిలవనన్నాడు.

"బిరబిరా తీసేసి ఉరికొస్తా. రవ్వంత ఆగమని అయ్యగారికి చెప్పు" అని నాకు అప్పగించి పోయింది.

చెప్పాను. అయ్యగారు లేవి మామ వంక చూశాడు. లేవి మామ గడియారం వంక చూశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు.

పైగా ఆ రోజు ప్రసంగం కూడా ఆయనదే. "అయోగ్యంగా తినేవాడు శిక్ష తిన్నట్లేనని పౌలు రాసినాడు. ఆదివారం కూలికి పోయి, చెమట కంపుతో, వేళ తప్పి వచ్చేవాళ్ళు అయోగ్యులు కాక ఇంకేమి?" అన్నాడు. గడియ పడింది. నా అరచేతిలోకి రొట్టె ముక్క వచ్చింది. నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. అంతలో బయట పరుగుల చప్పుడు, తలుపు తట్టిన చప్పుడు.

"జీవితా, వచ్చినామే!" అమ్మ గొంతు. వెనకాల గిడ్డమ్మత్త, ఇంకా వాడలో ఆడవాళ్ళందరి ఆయాసం.

లోపల అందరూ తలలు వంచుకున్నారు. లేవి మామ తన ముక్క నోట్లో వేసుకుని భక్తిగా కళ్ళు మూసుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా తల్లిని బయట నిలబెట్టి లోపల నమలడమా! లేచిపోయి గడియ లాగేశాను.

"ఏమ్మే, పరిశుద్ధమైన వేళలో ఏం పని ఇది?" అని లేచాడు లేవి మామ.

"మామా, నువ్వు చదివిన మాటకు పైనా కిందా కూడా చదువు. ఆ కొరింథీ సంఘం మీద పౌలుకు ఎందుకు కోపమొచ్చె? ఉన్నోళ్ళు ముందే కూచోని తిని తాగిరి. లేనోళ్ళు వచ్చేతలికి ఏమీ మిగల్లేదు. అయోగ్యమని ఎవుర్ని అన్నాడు? ఆకలితో వచ్చినోళ్ళనా, ఆగకుండా తిన్నోళ్ళనా? ఒకరికోసరం ఒకరు కాచుకోండని కడాకు చెప్పలేదా? ఆ మాట నీ కంటికి ఆనలేదా?"

"అంగన్‌వాడీలో గుడ్లు పంచేదానివి, నాకు వాక్యం చెప్తాండావా?"

"గుడ్లు పంచేదాన్నే. ఆలస్యంగా వచ్చిన బిడ్డకు కూడా ఒకటి తీసిపెడతా!"

అయ్యగారు మెల్లగా బైబిలు తెరిచి ఆ అధ్యాయం మొదటినుంచీ చదువుకున్నాడు. ఆయన ముఖం చిన్నబోయింది. "లేవి అన్నా, జీవిత చెప్పినట్లే ఉండాది" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత ధైర్యం కావాల్సివచ్చిందో మాకందరికీ తెలుసు. తర్వాత పళ్ళెం చూసి, "రొట్టె అయిపోయినాది" అన్నాడు దిగులుగా.

గడపలో నిలబడ్డ అమ్మ జుట్టు నిండా పత్తి పింజలే. నడుముకు కట్టుకున్న మూట విప్పింది. "జొన్నరొట్టె ఉండాది. పొద్దున తినేకి తీరిక యాడ దొరికె? ఇది పనికొస్తాదా అయ్యగారా?"

"శానా బాగా పనికొస్తాదమ్మా" అని ఆయన రెండు చేతులా అందుకున్నాడు. ప్రార్థన చేసి విరిచాడు. అందరి చేతుల్లోకీ తలా ఒక ముక్క వచ్చింది. అమ్మ పళ్ళెం తీసుకుని లేవి మామ ముందుకు పోయింది.

"తీసుకో అన్నా."

"నేను తీసుకున్నా కదా."

"మమ్మల్ని బయట పెట్టి తిన్నావు. అది నీ నాష్టా. సంస్కారం ఇప్పుడు."

లేవి మామ ముఖం కందగడ్డయింది. చేతులు వెనక్కి కట్టుకుని పోయి కిటికీ దగ్గర నిలబడ్డాడు. గిడ్డమ్మత్త ముక్క నోటిదాకా తీసుకుపోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగు. ఆయప్ప కూడా మన సంఘమే" అని చెప్పి, చాప మీద చతికిలబడింది. బయట లారీ హారన్ మోగింది.

నాకు ఒళ్ళు మండింది. "తినమ్మా! ఆయప్ప మనకోసరం ఆగినాడా?"

"ఆగలేదనే కదా నువ్వు ఇంతసేపు అరిస్తివి" అంది అమ్మ.

లారీ మళ్ళీ మోగింది, ఎవరూ కదల్లేదు. పళ్ళు కొరుక్కుంటూ లేచాను. పళ్ళెం తీసుకుని కిటికీ దగ్గరికి పోయి, లేవి మామ ముందు చాచాను.

"పట్టు మామా" అన్నాను. "మాయమ్మ పొద్దున్నుంచి ఏమీ తినలేదు."