పిచ్చుక కాలు గుర్తు

గుడి కడదామని మొదలుపెట్టి, మధ్యలో దేవుణ్ణి గెంటేసి, గొప్పవాళ్ళ శవాలు దింపిన కట్టడం పారిస్ పాంథియాన్. గోడలకున్న కిటికీలన్నీ రాళ్ళు పేర్చి మూసేశారు. ఫ్రాన్స్ నడుమనున్న మా క్రూజ్ సీమలో మేకల కొట్టానికి కూడా ఒక కిటికీ వదులుతాం.

అయితే మా అన్సెల్మ్ మావయ్య డెబ్భై ఏళ్ళుగా దాన్ని సొంతిల్లులా చెప్పుకుంటూ వచ్చాడు. పూర్వం మా ఊరి మగవాళ్ళు ఏటా వసంతంలో ఉలీ సుత్తీ భుజాన వేసుకుని కాలినడకన పారిస్ పోయి, అక్కడ గోడలు కట్టి, చలికాలానికి తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకడైన మా వంశపు లియోనార్ తాత పాంథియాన్ నేలమాళిగకు రాళ్ళు చెక్కాడనీ, వాటి మీద తన గుర్తు వేశాడనీ మావయ్య మాట. గుర్తంటే పిచ్చుక కాలు, దాని కింద ఒక అడ్డగీత. మావయ్య ఇంటి గుమ్మం మీద ఉన్నదీ, ఆయన సుత్తి పిడి మీద ఉన్నదీ అదే.

"తాను చెక్కిన రాయిని తానే గోడలో పెట్టేవాడు. ఇంకొకడి చెయ్యి పడనిచ్చేవాడు కాదు" అని ప్రతిసారీ చివర్లో తగిలించేవాడు.

ఈ వసంతంలో ఊరి పెద్దలు ఒక పని తలపెట్టారు. పారిస్ వెళ్ళి పేరు తెచ్చిన రాతి మేస్త్రుల పేర్లు ఒక పలక మీద చెక్కించి మేయరు కచేరీ గోడకు పెట్టాలని. లియోనార్ పేరు మొదట ఉండాలన్నాడు మావయ్య. అడ్డు తగిలింది బాప్తిస్త్. ఊరి వడ్రంగి, మావయ్యతో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాడు, అప్పట్నుంచీ ఆయనకు శత్రువు.

"రుజువు చూపిస్తే చెక్కించండి. ఉత్తి మాట మీద అయితే, మా తాత ఐఫిల్ టవర్ని చెక్కతో కట్టాడని నేనూ రాయిస్తా."

"వచ్చి చూసుకోరా, చెక్కముక్కా!"

"వస్తా. నువ్వొక్కడివే వెళ్తే నీ గుర్తు నువ్వే చెక్కి రాగలవు."

అలా ఇద్దరు ముసలాళ్ళూ బయలుదేరారు. ఫోటో తియ్యడానికి ఆయన మేనకోడల్ని, ఒడీల్‌ని, నేను. పక్క పట్నంలో పిల్లలకు చరిత్ర చెబుతాను కాబట్టి నా ఫోటోను ఊరు నమ్ముతుందట.

పొద్దున బండెక్కి మధ్యాహ్నానికి పాంథియాన్ మెట్ల మీద కూర్చున్నాం. అత్తయ్య కట్టిచ్చిన బంగాళాదుంపల రొట్టెను మావయ్య జేబు కత్తితో కోస్తుంటే కాపలావాడు వచ్చాడు.

"ఇక్కడ తినకూడదండీ. ఇది పవిత్ర స్థలం."

"దేవుణ్ణి బయటికి పంపాక ఇంకా పవిత్రమేంటి నాయనా? ఓ ముక్క తిను, మొహం పీక్కుపోయింది" అన్నాడు మావయ్య.

వాడు తినలేదు. మేమూ తినకుండా లేచాం.

లోపలికి పోబోతూ మావయ్య గోడ దగ్గర ఆగిపోయాడు. అక్కడొక రాయి ముఖం పెచ్చులు పెచ్చులుగా లేచింది. బొటనవేలితో గీకితే రేకు ఊడి చేతిలోకి వచ్చింది.

"చూడవే ఒడీల్. రాయి గనిలో ఎలా పడుకుందో గోడలోనూ అలాగే పడుకోబెట్టాలి. ఈ గాడిద దాన్ని లేపి నిలబెట్టాడు. పొర నిలువైతే నీళ్ళు దిగుతాయి, ముఖం రాలిపోతుంది. ఈ పని చేసినవాడు రాతి మేస్త్రి కాడు, రాతికి పట్టిన తెగులు!"

"అంటే నార చూసుకోకుండా చెక్క కోసినట్టు" అన్నాడు బాప్తిస్త్.

"అదే. వాడి వంశంలో ఇంకెవడూ ఉలి పట్టుకుని ఉండడు."

లోపల గుమ్మటం కింద పెద్ద లోలకం ఊగుతోంది. భూమి తిరుగుతోందని రుజువు చేయడానికట. "దానికింత గుమ్మటమెందుకు? మా ఊరి సారా మూడు గ్లాసులు చాలు" అన్నాడు బాప్తిస్త్. మావయ్య చూపు మాత్రం పైనే ఉంది. రాలే రాళ్ళు జనం నెత్తిన పడకుండా అక్కడొక వల కట్టారు.

"రాయిని నమ్మక లోపల ఇనప కడ్డీలు దూర్చారు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది, రాయి పగిలింది. ఇప్పుడు గొప్పవాళ్ళ ఇంటికి చేపల వల! థూ!"

పక్కనున్న విదేశీయులు ఆయన ప్రార్థన చేస్తున్నాడనుకుని టోపీలు తీశారు.

నేలమాళిగలో రెండు గంటలు వెతికాం. ఒక్కొక్క గొప్పవాడికీ ఒక రాతి పెట్టె, దాని ముందు జనం గుసగుసలు. మావాళ్ళు సమాధులకు వీపు పెట్టి గోడలు తడుముతూ పోతున్నారు. ఒక మహా రచయిత పెట్టె మీద బాప్తిస్త్ తన కోటు తగిలించాడు. నేను తీసేశాను. మళ్ళీ తగిలించాడు.

చివరి నడవా మూలలో మోకాళ్ళ మీద పాకుతున్న బాప్తిస్త్ కేక పెట్టాడు.

"ఒరే అన్సెల్మ్! రారా, ఇక్కడుంది!"

ఆ గొంతులో ఓడిపోయానన్న బాధ లేదు. చిన్నప్పుడు పిట్టగూడు కనిపెట్టినవాడు అలా అరిచి ఉంటాడు.

మావయ్య వంగాడు. నేనూ వంగాను. నేలకు జానెడు ఎత్తున పిచ్చుక కాలు. మూడు వేళ్ళలో రెండు మిగిలాయి. కింద అడ్డగీత చెక్కుచెదరకుండా ఉంది. మూడో వేలు ఉన్నచోట రాయి ఉల్లిపొరలా లేచి రాలిపోయింది. ఆ రాయి ముఖమంతా అంతే. పొర నిట్టనిలువుగా ఉంది. చుట్టుపక్కల రాళ్ళన్నీ శుభ్రంగా పడుకుని ఉన్నాయి. అదొక్కటే నిలబడింది.

మావయ్య బొటనవేలు ఆ గీత మీద చాలాసేపు కదిలింది. తాను చెక్కిన రాయిని తానే పెట్టేవాడు. ఇంకొకడి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. ఆయన ఎప్పుడూ తగిలించే మాట.

నేను ఫోన్ పైకెత్తాను. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"మాది కాదు."

"కళ్ళు పోయాయేంట్రా?" బాప్తిస్త్ లేచి నిలబడ్డాడు. "మీ గుమ్మం మీద రోజూ చూస్తున్నానే! గీతతో సహా అదే! నేనే ఊళ్ళో సాక్ష్యం చెప్తానంటుంటే!"

"మాది పిచ్చుక కాలు. ఇది కోడికాలు. పదండి, బండికి వేళవుతోంది."

బండి సగం దారి దాటాక బాప్తిస్త్ గొంతు తగ్గించాడు. అది నా ఎరుకలో మొదటిసారి.

"ఆ రాయి... నిలువు పొరేనా?"

మావయ్య కిటికీలోంచి ఆవుల్ని చూస్తున్నాడు.

"నీకెందుకురా చెక్కముక్కా."

బాప్తిస్త్ మిగిలిన రొట్టె రెండు ముక్కలు చేసి, పెద్దది ఆయన ఒళ్ళో పెట్టాడు.

శనివారం సాయంత్రం సారా కొట్టులో ఊరంతా ఉంది. పలక కోసం పేర్లు రాసుకునే గుమాస్తా కాగితం పట్టుకుని కూర్చున్నాడు. "గుర్తు దొరికిందా?" అని అడిగాడు. అందరూ మావయ్య వైపు చూశారు. ఆయన గ్లాసులోకి చూసుకుంటున్నాడు. డెబ్భై ఏళ్ళ గొప్ప ఆ నిమిషాన ఆయన నోటి దాకా వచ్చి ఆగింది. నిజం చెబితే తాతకు తలవంపులు, అబద్ధం చెబితే తనకు.

బాప్తిస్త్ గ్లాసు బల్ల మీద కొట్టాడు.

"నేలంతా పాకి మోకాళ్ళు పోగొట్టుకున్నా. ఏమీ లేదక్కడ! వీళ్ళ తాత పాంథియాన్ కట్టడమేంటి, కోళ్ళగూడు కట్టుంటాడు! కొట్టెయ్, ఆ పేరు కొట్టెయ్!"

కొట్టంతా గొల్లుమంది. గుమాస్తా కొట్టేశాడు.

ఇంకోరోజైతే మావయ్య బల్ల తిరగేసేవాడు. ఆ రోజు సీసా అందుకుని బాప్తిస్త్ గ్లాసు అంచుదాకా నింపాడు.

"కోళ్ళగూడేరా" అన్నాడు. "ఇప్పటిదాకా ఒక్క పెచ్చు రాలలేదు."