రాణి వేషానికి మహజరు

జమీందారీ రద్దయి ప్రభుత్వం చేతికి వెళ్ళిన ఏడాది ముసునూరులో వీధినాటకం ఆగిపోయింది. అంతకు ముందు ప్రతి వేసవిలోనూ మామిడికోతలు ముగిసే సమయానికి పెద్దిరాజు మేళం ఊళ్ళో ఆడేది. వాళ్ళకు ధాన్యం, కొత్త బట్టలు, దీపాలకు నూనె నూజివీడు దివాణం నుంచి వచ్చేవి. ఇప్పుడు ఇవ్వడానికి దివాణమే లేదు. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. జమీందారీ పోవాలని రైతులంతా కోరుకున్నారు, పోయిన రోజున వీరరాఘవయ్య లాంటి ఆసాములు ఊళ్ళో బెల్లం పంచారు. పెద్దిరాజు మేళం సంగతి ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు.

తట్టింది వీరరాఘవయ్య భార్య పుష్పావతికి.

ఆ మధ్యాహ్నం ఆమె కూలీలకు మజ్జిగ ఇప్పించడానికి తోటకు వెళ్ళింది. పెద్దిరాజు చిక్కం కట్టిన గెడతో పెద్దరసాలు కోస్తున్నాడు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు. నాటకంలో రాణి వేషం ఎప్పుడూ అతనిదే. మిగతా రోజుల్లో అందరిలాగే కూలికి వచ్చేవాడు.

"ఈ ఏడు ఎప్పుడు ఆడుతున్నారు పెద్దిరాజూ?" అని అడిగింది.

అతను గెడ దించి తలగుడ్డ సర్దుకున్నాడు. "ఆడటం లేదమ్మా. మద్దెల వాయించేవాడు బెజవాడలో సినిమా హాలు గేటు దగ్గర పనికి కుదిరాడు. రాజు వేషం కట్టేవాడు రైల్వేలోకి పోయాడు. ఎవరైనా అడిగితే కిరీటాలూ భుజకీర్తులూ ఇచ్చేద్దామనుకుంటున్నాం. ఇంట్లో పెడితే చెదలు పడుతున్నాయి."

బాధ పడుతున్నట్టు కూడా చెప్పలేదు. కాయలకు కొమ్మల్లో వెతుక్కుంటూ అవతలి చెట్టు కిందికి వెళ్ళిపోయాడు.

పుష్పావతి ఇంటికి వచ్చిందే గాని మనసు మనసులో లేదు. కొన్నేళ్ళ కిందట ఆమెకు మొదటి బిడ్డ పుట్టి, పాకడం నేర్చుకునే వయసులో జ్వరం తగిలి పోయాడు. అత్తవారింట్లో ఆ తరవాత ఆ బిడ్డ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆమె ఏడిస్తే కడుపున పడబోయేవాళ్ళకు మంచిది కాదన్నారు. ఆమె ఏడవలేదు. ఆ వేసవి పెద్దిరాజు నాటకం ఆడాడు. యుద్ధానికి పోయిన రాజు తిరిగి రాడని తెలిసిన రాణి, ఆ మాట బయటికి చెప్పకుండా కొలువులో కూర్చుని తీర్పులు చెప్పే ఘట్టం ఒకటుంది. చెబుతూ చెబుతూ మధ్యలో గొంతు ఆగిపోతుంది. ఆడవాళ్ళు కూర్చున్న వైపంతా ఏడ్చింది. పుష్పావతి కూడా వాళ్ళలో కలిసి, కొంగు నోట్లో కుక్కుకుని, బిడ్డ పోయాక మొదటిసారి ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని ఆమెను ఎవరూ అడగలేదు.

భోజనాల దగ్గర ఆమె భర్తతో అంది: "దివాణం భూములు ప్రభుత్వం తీసుకుంది గదా. దివాణం పోషించినవాళ్ళను కూడా ప్రభుత్వమే చూడాలి గదండీ."

వీరరాఘవయ్య నెమ్మదస్తుడు. "న్యాయమే. కానీ ఎవరిని అడుగుతావు?"

"జిల్లా బోర్డుని. బాపులపాడులో మెంబరుగారున్నారు గదా. ఊరంతా కలిసి మహజరు ఇద్దాం."

"కంట్రోలు బియ్యమే సరిగ్గా అందని రోజుల్లో నాటకాలకి అర్జీ ఏంటని నవ్వుతారు."

"నవ్వనివ్వండి."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, "రాసినాక నాకు చూపించు. మొదటి సంతకం నేను పెడతాను," అన్నాడు.

మహజరు పుష్పావతి స్వయంగా రాసింది. దాన్ని తోట తోటకూ తిప్పింది ఇన్నమ్మ. ఇన్నమ్మ కోతల కూలీలకు పెద్ద, నోరున్న మనిషి. మామిడి జిగురు అంటిన వేళ్ళను గడ్డికి తుడిపించి మరీ ఒక్కొక్కరి చేత ముద్ర వేయించింది. అందరూ వెయ్యలేదు. నలుగురు గుమికూడితే కమ్యూనిస్టులేమోనని పోలీసులు ఆరా తీసే రోజులవి, కాగితం మీద వేలు పెట్టడానికి కొందరు భయపడ్డారు. హనుమాన్ జంక్షన్ దాకా పోతే టూరింగు సినిమా ఉంది, ఈ పాత ఆటలెందుకన్నారు కుర్రకారు. ఒక ముసలాయన మాత్రం, "రాణి చచ్చిపోయే ముందు ఒక్కసారి చూస్తాను," అని వేలిముద్ర వేశాడు. ఆయన చచ్చిపోయే ముందా, రాణి చచ్చిపోయే ముందా అని ఇన్నమ్మ అడిగితే, ఎవరు ముందైతే వాళ్ళు అన్నాడట.

పుష్పావతీ ఇన్నమ్మా గూడుబండి కట్టించుకుని బాపులపాడు వెళ్ళారు. బోర్డు మెంబరు జగన్మోహనరావు ఖద్దరు కట్టే పెద్దమనిషి, స్వరాజ్యం కోసం జైలుకు వెళ్ళి వచ్చినవాడు. అరుగు మీద కుర్చీ వేయించి, మహజరు రెండుసార్లు చదివాడు. నవ్వలేదు.

"అమ్మా, మీ ఊరి బాధ నాకర్థమైంది. కానీ బోర్డు దగ్గరున్నది బావులకీ రోడ్లకీ ఆసుపత్రులకీ చాలటం లేదు. కలరా వచ్చే కాలం. నాటకానికి ఇవ్వమని నేను మీటింగులో ఎలా లేచి అడగను?"

పుష్పావతి ఇంటి దగ్గర కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయింది. "నా బిడ్డ పోయాడండీ," అంది. అనేశాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. పక్కన ఇన్నమ్మ తలెత్తి చూసింది. "ఆసుపత్రి ఉన్నా పోయేవాడేమో, నాకు తెలీదు. ఆసుపత్రి వద్దని నేననను. కానీ వాడు పోయాక నేను మనిషినయ్యింది పెద్దిరాజు ఆట చూశాకనే. అది మందుల లెక్కలోకి వస్తుందో రాదో మీరే చెప్పండి."

జగన్మోహనరావు మహజరు మరోసారి తెరిచి చూశాడు. చివరికి ఒక దారి చూపించాడు. ఆరోగ్య ప్రచారం కోసం బోర్డులో కొంత సొమ్ము వేరుగా ఉంది. నాటకంలో కలరా గురించీ సూదిమందు గురించీ చెప్పేటట్టయితే, ఆ పద్దు కింద మేళాన్ని పోషించవచ్చు.

"రాణి నోట చెప్పిస్తే జనం వింటారమ్మా. రాణి మీద మీకంత నమ్మకం ఉంది గదా," అన్నాడు.

పుష్పావతి సంతోషం పట్టలేక వెంటనే సరేనంది.

తెల్లవారి ఆమె కబురు పంపితే పెద్దిరాజు వచ్చాడు. ఆమె చెప్పిందంతా నిలబడే విన్నాడు.

"నా వల్ల కాదమ్మా."

"ఏంటి కానిది? నాలుగు మాటలే గదా."

"మొగుడు పోయిన దుఃఖం కడుపులో దాచుకుని కూర్చున్న మనిషి ఆవిడ. ఆవిడ చేత నీళ్ళు కాచుకోండి, సూది వేయించుకోండి అనిపిస్తే, ఆ తరవాత ఆవిడ ఏడుపు ఎవరు నమ్ముతారు? మా నాన్న దగ్గర నేను నేర్చుకున్నది ఆ ఏడుపొక్కటే. అది పాడు చేసుకుని ఆడేకంటే ఆడకపోవటమే నయం."

"మీకోసం నేను ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాను పెద్దిరాజూ," అంది పుష్పావతి, గొంతు గట్టిగానే.

"తెలుసమ్మా. మీ రుణం తీర్చుకోలేను." అతను చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

ఆమెకు కోపం వచ్చింది. కోపం కంటే అవమానం ఎక్కువ వేసింది. సాయంత్రం ఇన్నమ్మ కూలి డబ్బులకు వచ్చి, విషయం విని, గుమ్మం దగ్గర కూర్చుంది.

"మీరు సరేనన్నప్పుడు అతను అక్కడ లేడు గదమ్మా," అంది.

"ఉంటే ఏం చేసేవాడు?"

"వద్దనేవాడు. మీరు అక్కడే ఇంకో దారి అడిగేవారు."

తను ఊళ్ళోవాళ్ళ వేలిముద్రలు తీసుకుంది గాని, ఆడే మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదని పుష్పావతికి అప్పుడు తట్టింది. మర్నాడు పెద్దిరాజు ఇంటికి తనే వెళ్ళింది. అతని భార్య కంగారుగా మంచం వాల్చి దుప్పటి పరిచింది.

"నాటకంలో ఒక్క మాట కూడా మార్చొద్దు," అంది పుష్పావతి. "నాటకం ఉందంటే చుట్టుపక్కల నుంచి జనం వస్తారు. వచ్చిన జనానికి, ఆట మొదలవక ముందే సూదిమందు వాళ్ళు వేసుకుంటారు. ఆ పనీ ఈ పనీ పక్కపక్కన ఉంటాయి, కలవవు. దీనికి నీకు సమ్మతమేనా? నువ్వు ఊ అంటేనే వెళ్ళి అడుగుతాను."

పెద్దిరాజు భార్య వైపు చూశాడు. "అలాగైతే ఆడతామమ్మా," అన్నాడు.

జగన్మోహనరావు ఈసారి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆగిరిపల్లి వైపు హెల్తు ఇనస్పెక్టరు సూదులు పట్టుకుని వెళ్తే జనం తోటల్లోకి పారిపోయారట. నాటకానికి వచ్చినవాళ్ళు మాత్రం నిలబడతారని ఏంటి? అయినా ఒక్క ఊళ్ళో చూద్దామన్నాడు. ఆట ఆడుకోవడానికి పోలీసుల అనుమతి తనే తెప్పిస్తానన్నాడు.

ఆట రోజున పొద్దు వాలేసరికి ముసునూరు బడి ముందున్న ఖాళీ స్థలం నిండిపోయింది. మద్దెల వాయించేవాడు సెలవు పెట్టి బెజవాడ నుంచి వచ్చాడు. రైల్వేలోకి పోయినవాడు రాలేదు. రాజు వేషానికి పెద్దిరాజు తమ్ముణ్ణి తయారుచేశారు. ఆట కోసం వేసిన పందిట్లో ఒక పక్క ఇనస్పెక్టరు బల్ల వేసుకుని, స్టౌ మీద సూదులు మరగబెడుతున్నాడు. బల్ల చుట్టూ ఎవరూ లేరు. స్పిరిటు వాసన తగిలినకొద్దీ జనం అవతలి వైపుకు జరుగుతున్నారు. ఒకరిద్దరు పిల్లల్ని చంకనేసుకుని ఇంటి దారి పట్టారు.

జగన్మోహనరావు ముందు వరసలో కూర్చుని అదంతా చూస్తున్నాడు. వీరరాఘవయ్య లేచి వెళ్ళి చొక్కా చెయ్యి పైకి మడిచి సూది వేయించుకున్నాడు. ఆసామి గదా, ఆయనకు మంచి మందు వేసి మనకు వేరేది వేస్తారని వెనక ఎవరో గొణిగారు.

అప్పుడు తెర పక్క నుంచి పెద్దిరాజు వచ్చాడు. ముఖానికి పసుపుపచ్చని అరదళం పూత, కళ్ళకు కాటుక, తల మీద కిరీటం. రాణి వేషం పూర్తిగా కట్టేశాడు. ఎవరూ అతన్ని రమ్మనలేదు. జనం మధ్య నుంచి మెల్లగా నడిచి బల్ల దగ్గరికి వెళ్ళి, భుజకీర్తి విప్పి బల్ల మీద పెట్టి, చెయ్యి చాపాడు. ఇనస్పెక్టరు ఒక్క క్షణం తడబడి, తరవాత సూది గుచ్చాడు. పెద్దిరాజు నోరు విప్పి ఒక్క మాట చెప్పలేదు. భుజకీర్తి మళ్ళీ కట్టుకుని, వచ్చిన దారినే తెర వెనక్కి వెళ్ళిపోయాడు.

"రాణిగారికి వెయ్యంగా లేంది మనకేంటి?" అంటూ ఇన్నమ్మ లేచింది. ఆమె వెనక కోతల ఆడవాళ్ళు లేచారు. వాళ్ళ వెనక మగవాళ్ళు. దీపాలు వెలిగించే వేళకు బల్ల ముందు వరస బడి గోడ దాటింది. ఆట ఆలస్యంగా మొదలైంది.

ఆ రోజు రాణి తీర్పులు చెప్పేటప్పుడు ఎడమ చెయ్యి సరిగ్గా లేవలేదు. ఆ చేతిని ఒళ్ళోనే పెట్టుకుని పెద్దిరాజు ఘట్టమంతా నడిపాడు. గొంతు ఆగాల్సిన చోట ఆగింది. జగన్మోహనరావు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం పుష్పావతి చూసింది.

బోర్డు మీటింగు తరవాతి నెలలో బందరులో జరిగింది. పుష్పావతీ వీరరాఘవయ్యా బస్సులో వెళ్ళారు. ఆమెకు మాట్లాడే హక్కు లేదు, వెనక బల్ల మీద కూర్చుని వింది. నాటకాల వాళ్ళకు ఇవ్వడం మొదలుపెడితే రేపు గారడీ వాళ్ళు కూడా వస్తారని ఒక మెంబరు అన్నాడు. రానివ్వండి, వాళ్ళూ మనవాళ్ళే గదా అన్నాడు జగన్మోహనరావు. చాలాసేపు వాదించుకున్నాక, మేళం మూడు ఊళ్ళలో ఆడేందుకు ఆ ఒక్క ఏటికి సాయం మంజూరు చేశారు. అడిగిన దాంట్లో అది సగం కూడా కాదు. పై ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలన్నారు.

ఊరికి వచ్చాక పుష్పావతి ఆ మాటే పెద్దిరాజుకు చెప్పింది, కొంచెం నొచ్చుకుంటూ.

"మూడు ఊళ్ళంటే మద్దెలవాణ్ణి వెనక్కి రమ్మనొచ్చమ్మా," అన్నాడతను. అతని ముఖంలో వెలుగు చూసి ఆమెకు నిబ్బరం కలిగింది. "కానీ పై ఏడు మీరు మళ్ళీ తిరగాలి గదా."

"తిరుగుతాను. ఈసారి నువ్వు కూడా రా. అడిగేటప్పుడు నువ్వు పక్కనుండాలి."

"నేను మాట్లాడలేనమ్మా, ఆఫీసుల్లో."

"మాట్లాడొద్దు. ఊరికే కూర్చో, చాలు."

పెద్దిరాజు నవ్వి, సరేనన్నాడు. కార్తీకంలో ఆగిరిపల్లి ఆడవాళ్ళు కొందరు పుష్పావతిని వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళ ఊళ్ళో కోలాటం మేళం ఒకటి చెదిరిపోతోందట. మహజరు ఎలా రాయాలో అడిగారు. ఆమె వాళ్ళను వసారాలో చాప మీద కూర్చోబెట్టి, "ముందు మేళం వాళ్ళకేం కావాలో కనుక్కున్నారా?" అని అడిగింది.