రెండు గడియల తలుపు

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గాలి లేని సన్నటి వాన. కళాశాల వర్క్‌షాపులో చిట్టికి మెగ్నీషియం మిశ్రలోహపు పలక ఒక్కటే మిగిలింది. అదీ పగిలితే పరిశోధన మీద ఈ ఏటికి నీళ్లు వదులుకోవలసిందే. కొత్త పలకలు మరుసటి ఏడాదికి గానీ రావు.

మెగ్నీషియం చల్లగా ఉంటే మొండిది. వేడి మీదే చెప్పిన మాట వింటుంది. కొలిమి అక్కడే పనిచేసే ఆమె తండ్రి గదిలో ఉంది. పలకను నొక్కి రేకుగా సాగదీసే రోలింగ్ మిల్లు పక్కనే, మేనమామ గదిలో. మధ్య తలుపుకు రెండు వైపులా గడియలు. ఏనాటిదో ఒక పరీక్షాఫలితం మీద మాటా మాటా పెరిగి, బావా బావమరుదులు ఎవరి గడియ వారు బిగించుకున్నారు. అందుచేత చిట్టి కాగిన పలకను పటకారుతో పట్టుకుని వరండా చుట్టి పరుగెత్తేది.

మందంగా ఉన్నంతసేపు పలక బాగానే సాగేది. పల్చబడ్డాక అంచులు చీలేవి. తప్పు మిల్లుదని తండ్రి, కొలిమిదని మేనమామ. ఆ ఉదయం తడి వరండాలో ఆమెకు తట్టింది: దారి మారలేదు, రేకు పల్చబడింది. పల్చటి రేకు మిల్లు చేరేలోపే చల్లారిపోతోంది.

"నాన్నా, మీ గడియ తియ్యండి."

"ముందు మీ మామయ్యని తియ్యమను."

చుట్టి వెళ్లి అడిగితే మేనమామ, "నా గడియకి తుప్పు పట్టిందే," అన్నాడు.

"గడియకా, మీకా?"

పాత రేకు ఆయన చేతిలో పెట్టింది. ఆయన అంచు వెంట బొటనవేలు నడిపాడు.

"ఇదేంటే, పళ్లూడిన దువ్వెనలా ఉంది!"

"ఆ వరండాలో తిప్పితే ఇంతే మామయ్యా."

ఆయన సుత్తి తీసుకుని గడియను కొట్టాడు. ఆ చప్పుడుకు అవతల తండ్రి కూడా తన గడియ తీశాడు. తలుపు తెరుచుకుంది.

"ఎంత వేడి?" అన్నాడు మేనమామ, బావగారి ముఖం చూడకుండా.

"సరిపడా."

"సరిపడా అంటే?"

"మూడొందల యాభై."

కొలిమి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి మళ్లీ కొలిమికి. ప్రతిసారీ కొద్దిగానే నొక్కుతూ సాగదీశారు. అంచు ఎక్కడా చీలలేదు. చిట్టి వంచి చూసింది, రేకు విరగలేదు. యంత్రపు నూనె వాసన, తడిసిన సిమెంటు వాసన, రేకు మీదకు వంగిన ఆ రెండు నెరిసిన తలలు: సన్నటి వాన పడినప్పుడల్లా అవి ఆమెను వెతుక్కుంటూ వచ్చేవి.

ఆ తలుపుకు మళ్లీ గడియ పడలేదు. వారిద్దరూ ఆ తరువాత కూడా ఉష్ణోగ్రత అడగడానికి తప్ప పెద్దగా మాట్లాడుకోలేదు. పదిహేనేళ్లకు వర్క్‌షాపు కొత్త భవనంలోకి మారింది. కొలిమినీ మిల్లునీ ఒకే గదిలో పెట్టారు.