మూడో చరణం

ఆ ఉదయం సింహాచలమ్మ కొట్టిన ప్రతి నాలుగో జీడిపిక్కలోనూ పప్పు బద్దలైపోతోంది. పలాసలోని ఆ షెడ్డులో, అదే రాతి ముందు, కుడి మోకాలు మడిచి పన్నెండేళ్ళుగా కూర్చుంటున్న మనిషి. కాల్చిన పిక్కని ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య నిలబెట్టి చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే పప్పు విరక్కుండా గుండు గుండుగా బయటికి రావాలి. ఆమె చేతిలో ఎప్పుడూ అలాగే వచ్చేది. జీడి నూనెకి వేళ్ళ చర్మం ఒలిచిపోయి నల్లగా గట్టిపడింది. నూనె అంటకుండా మాటిమాటికీ పక్కనున్న బూడిద తట్టలో చెయ్యి ముంచుకుంటోంది. ఇవాళ బూడిద రాసుకున్న సంగతీ మరిచిపోయి మళ్ళీ రాసుకుంటోంది.

“ఓలప్పా, ఇయ్యాల నీ బుర్రెక్కడుందే?” అంది పక్క రాతి దగ్గర అప్పలమ్మ.

“మజ్జాన్నం మేస్టారు బాబు రమ్మన్నారే. ప్లేటు వొచ్చీసిందట.”

“ఏ ప్లేటు? ఆ ఏడుపు ప్లేటా?”

వరసలో ఆడవాళ్ళందరూ పకపకా నవ్వారు. సింహాచలమ్మ కూడా నవ్వింది. ఇరవై ఏళ్ళుగా ఆ మాటకి ఆమె నవ్వుతూనే ఉంది.

అది అరవై తొమ్మిదో సంవత్సరం, వైశాఖం. ఆ గ్రామఫోను ప్లేటు సంగతి ఇరవై ఒక్కేళ్ళ నాటిది. భావనపాడు బళ్ళో కొత్తగా చేరిన నాగభూషణం మాస్టారికి హార్మోనియం పిచ్చి. రేవులో వల లాగేవాళ్ళ పాటలు విని, వీటిని మద్రాసులో రికార్డు చేయించకపోతే పేరు మార్చుకుంటానన్నాడు. ఏ కంపెనీవాడూ పిలవలేదు. తన జీతమూ, పడవలవాళ్ళు తలా కాస్త వేసుకున్నదీ కలిపి బయల్దేరదీశాడు. పాట ఎత్తుకోవడానికి కూర్మయ్య, డప్పుకి కూర్మయ్య అన్న, వంత పాడడానికి కూర్మయ్య పెళ్ళాం సింహాచలమ్మ. ఆమె చంకలో ఎనిమిది నెలల కూతురు నూకాలు.

మద్రాసు స్టూడియోలో, వల పాట మూడో చరణం కూర్మయ్య ఎత్తాడో లేదో, నూకాలు గుక్కపట్టి ఏడ్చింది. అద్దం వెనకనుంచి ఇంజనీరు ఆపొద్దని రెండు చేతులూ ఊపాడు. ఆపితే పాట ఎక్కుతున్న ఆ మైనపు పలక పాడైపోతుంది, ఇంకో పలకకి ఎవరి దగ్గరా దమ్మిడీ లేదు. మాస్టారు కళ్ళు మూసుకుని వాయించేశాడు. సింహాచలమ్మ పిల్లకి రొమ్ము అందించి వంత పాడేసింది.

ప్లేట్లు రెండు, పాటలు నాలుగు వచ్చాయి. అబ్బో, ఎన్ని ఆశలు పెట్టుకున్నారు! వల పాటని మొదటిసారి రావివలసలో ఒక పెళ్ళి పందిట్లో వేశారు. ముహూర్తం వేళ పసిపిల్ల ఏడుపేమిటి, అశుభం కాదూ అని పెద్దలు ఆపించేశారు. ఆ కబురు ఉద్దానం ఊళ్ళన్నిటికీ పాకింది. మైకుసెట్లవాళ్ళు ఆ ప్లేటు ముట్టుకోవడం మానేశారు. మాస్టారికి ఆ అవమానం లోపల ముల్లులా ఉండిపోయింది.

ఏడాదిన్నర పిల్లప్పుడు నూకాలు విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. ఫొటో తీయిస్తే ఆయుష్షు తగ్గుతుందని నానమ్మ తీయించనివ్వలేదు. తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టి, పెరిగి, వేటకి పోతున్నారు. వాళ్ళకొక అక్క ఉండేదని తలిచేవాళ్ళే లేరు. సింహాచలమ్మ మాత్రం ఏడాదికోసారి తన ప్లేటు కొంగులో చుట్టుకుని, గ్రామఫోను ఉన్న ఏ ఇంటికైనా వెళ్ళి, బతిమాలి, ఆ మూడో చరణం వినొచ్చేది. ఏడేళ్ళ కిందట టెక్కలి బస్సులో ఒక లావుపాటి షావుకారు దాని మీద కూర్చుంటే అది ముక్కలైపోయింది. పాపం, లేచి నొచ్చుకున్నాడు కూడా.

అప్పటినుంచి ఆ ఏడుపు ఆమె మనసులోనే వినబడేది. రానురాను అది కలిసిపోయింది. కొడుకుల ఏడుపులూ, ఇరుగుపొరుగు పిల్లల ఏడుపులూ అందులో చేరి, ఏది నూకాలుదో తెలియకుండా పోయింది. అదీ ఆమె దిగులు. ఒక్కసారి వింటే చాలు, మళ్ళీ పట్టుకోగలనని ఆమె నమ్మకం. జానపదాలకి గిరాకీ వచ్చిందని మద్రాసు కంపెనీ ఆ నాలుగు పాటలూ ఒకే చిన్న ప్లేటు మీద మళ్ళీ వేస్తోందని విన్న దగ్గర్నుంచి ఆమె రోజులు లెక్కపెడుతోంది.

మధ్యాహ్నం గంట కొట్టగానే మేస్త్రీకి చెప్పి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని, త్రినాథరావు మైకుసెట్టు దుకాణానికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. మాస్టారు అప్పటికే దుకాణం ముందున్న బల్ల మీద కూర్చున్నాడు. జుట్టు నెరిసింది, మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

“రావమ్మా సింహాచలం! చూడు, మన పాటల పార్టీ పేరు కూడా వేశారు.”

అట్ట మీద పడవ బొమ్మ ఉంది, పడవలో పట్టుచీర కట్టిన అమ్మాయి ఉంది. వల లేదు.

“వల పాట ఎయ్యండి బాబూ,” అంది సింహాచలమ్మ. గుమ్మంలోనే చతికిలబడింది.

త్రినాథరావు ముల్లు పెట్టాడు. కుర్రవాడైన కూర్మయ్య గొంతు లేచింది. *లాగు మావ లాగరో, అలల ముడి ఇప్పరో.* ఒక చరణం అయింది. రెండోది అయింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. పాట నేరుగా నాలుగో చరణం అందుకుని, ఒడ్డుకి చేరి, ఆగిపోయింది.

“ముల్లు జారిపోనాదా బాబూ?”

“జారలేదమ్మా,” అన్నాడు త్రినాథరావు. మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే.

మాస్టారు తొడ చరుచుకున్నాడు. “కనిపెట్టలేకపోయావు కదూ! మూడు ఉత్తరాలు రాశానమ్మా కంపెనీకి. పాటని టేపు మీదకి ఎక్కించి ఆ చరణం కత్తెరతో కోసేశారు. అతుకెక్కడుందో చెప్పు చూద్దాం! ఇక ఏడుపు ప్లేటని ఎవడంటాడో అనమను.”

“కోసీసినారా?”

“శుభ్రంగా కోసేశారు.”

“కోసిన ముక్క ఏటి సేసినారు బాబూ?”

“ఏం చేస్తారు, పారేసి ఉంటారు.”

“అది నా నూకాలు బాబూ.”

మాస్టారి నవ్వు ఆగిపోయింది. చేతిలోని అట్ట బల్ల మీద పెట్టి అన్నాడు: “నీకు సిగ్గనుకున్నానమ్మా. అందరూ నవ్వుతుంటే...”

“నాకు సిగ్గని ఎవులు సెప్పినారు? ఆల్లు నవ్వితే నానూ నవ్వినాను. నవ్వుకోడానికైనా అది ఉండీది.”

“పాతది దొరుకుతుందేమో, నేను మళ్ళీ రాస్తాను,” అనబోయి ఆగాడు. పాత అచ్చులు కంపెనీ ఎప్పుడో కరిగించేసిందనీ, తను సిగ్గుతో పెట్టె అడుగున దాచేసి ఎవరికీ చెప్పని ఆ ఒక్క ప్లేటునే వాళ్ళకి పంపాననీ, అది తిరుగు పార్సెల్లో ముక్కలై వచ్చిందనీ తల వంచుకుని చెప్పాడు. సింహాచలమ్మ విన్నది. ఆయన్ని చూస్తే ఆమెకే జాలేసింది. మంచి చేద్దామనే చేశాడు పెద్దమనిషి, ఎవర్ని ఏమనగలదు!

చీర దులుపుకుని లేచింది.

“షెడ్డుకేనా అమ్మా?”

“నేదు బాబూ. భావనపాడెల్తాను. ఆయనికి సెప్పాల. ఆయనా కాసుకోని ఉన్నాడు.”

టెక్కలి బస్సు అవతల హారన్ కొడుతోంది. మాస్టారు ప్లేటు పట్టుకుని వెంటపడ్డాడు. “ఇది నీకోసమే తెప్పించానమ్మా, తీసుకెళ్ళు.”

ఆమె బస్సు మెట్టు మీద ఆగి దాని వంక చూసింది. “నాకెందుకు బాబూ? ఉంచండి. ఇంక పెళ్ళిళ్ళకి ఎయ్యొచ్చు.”

బస్సు వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ పలాస రాలేదు. నాలుగు రోజులు చూసి, మేస్త్రీ ఆ రాతి ముందు ఇంకొకామెని కూర్చోబెట్టాడు.

ఆ మధ్యాహ్నం మాస్టారు తిరిగొచ్చి, ప్లేటుని బల్ల మీద పెట్టి, గొడుగు మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు. త్రినాథరావు భోజనానికి తలుపు వేసుకున్నాడు. బల్ల మీదికి వైశాఖం ఎండ నిండుగా వచ్చింది. ఆ ఎండలో కొత్త ప్లేటు మెత్తబడి, అంచు కొద్దికొద్దిగా పైకి వంగుతోంది.