వద్దన్నదెవరు

దోశపిండి గిన్నెను ఓవెన్‌లో పెట్టి, లోపలి లైటు వేసి, తలుపు మీద "పిండి ఉంది" అని కాగితం అంటించింది చంద్రకళ. రిచ్‌మండ్ హిల్ చలికి పిండి పులవాలంటే ఆ లైటు వెచ్చదనమే గతి. మరి కాగితం ఎందుకంటే, ఒకసారి ఆమె భర్త జయదేవ్ లోపల ఏముందో చూడకుండా పిజ్జా కోసం ఓవెన్ వేడి పెట్టేశాడు. పిండి అట్టకట్టి ఇల్లంతా మాడు కంపు. "ఓవెన్‌లో పిండి దాచే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు" అన్నాడు, అదీ భోజనానికి వచ్చిన స్నేహితుల ముందు. చూడలేదట. కెనడా వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిండితో పోసిన దోశలే తింటున్నాడు మహానుభావుడు.

ఆ మహానుభావుడే ఇప్పుడు తాగిన గ్లాసు సింకులో పడేస్తూ, "మాంట్రియల్ సంగతి వదిలెయ్. అనూకే ఇష్టం లేదట" అన్నాడు.

అనూ అంటే కూతురు అనన్య. స్కూలు చదువు ఆఖరి ఏడాది. మాంట్రియల్‌లో ఒక యూనివర్సిటీ ఆమెకు సీటిచ్చి, చేరే ముందు ఒకసారి వచ్చి చూసుకోమంది. ఒక రాత్రి హాస్టల్లో అక్కడి విద్యార్థుల గదిలోనే పడుకోవాలి, మర్నాడు వాళ్ళతోపాటు క్లాసుల్లో కూర్చోవాలి. వెంట వచ్చినవాళ్ళు ఊళ్ళో ఎక్కడైనా ఉండొచ్చు. రేపు సాయంత్రానికల్లా అక్కడుండాలి.

ఒక్క రాత్రి కోసం అంత దూరం పోవాలా అన్నది వారంగా చంద్రకళ మనసులో నలుగుతోంది. వీడియోలు చూస్తే సరిపోదా అంటాడు జయదేవ్. గదులూ గోడలూ వీడియోలో కనిపిస్తాయి, ఎవరు కాదన్నారు? ఆ గోడల మధ్య పొద్దున్నే కళ్ళు తెరిస్తే ఎలా ఉంటుందో మాత్రం కనిపించదు. పెళ్ళై, చేతిలో వీసాతో విన్నిపెగ్‌లో దిగినప్పుడు, ఒక రాత్రి ఉండి చూసుకో అమ్మా, నచ్చితేనే ఉండు అని తనతో ఎవరూ అనలేదు. మొగుడూ అంతే, దేశమూ అంతే. చూసి ఎంచుకోవడం అనేది కూతురికైనా దక్కాలనుకుంది. అందుకే తను పనిచేసే మందుల షాపులో గురు, శుక్రవారాలు సెలవు పెట్టింది. బదులుగా ఆదివారాలు వస్తానని మేనేజర్ని బతిమాలింది. ఇంతా చేస్తే పిల్లకే ఇష్టం లేదట.

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా అది?" అంది.

"నీకు చెబితే మొహం మాడ్చుకుంటావని దాని భయం. నేను మాట్లాడానుగా, ఇంక వదిలెయ్ చంద్రా."

ఆ ఇంట్లో అదో పద్ధతి. పిల్ల ఇంగ్లీషు తల్లికి సగమే అందుతుందనీ, తల్లి తెలుగు పిల్లకు విసుగనీ జయదేవ్ ఎప్పుడో తీర్మానించేశాడు. ముఖ్యమైన మాటేదైనా అతని మీదుగానే నడవాలి. ఇద్దరికీ పని తేలిక చేస్తున్నాననేవాడు. చంద్రకళ కూడా పోనీలే అనుకునేది, ఒక పని తప్పిందని.

మర్నాడు స్కూలు లేదు. అనూని స్నేహితురాలింట్లో దింపడానికి ఇంట్లో వేసుకునే పల్చటి జాకెట్‌తోనే కారు తీసింది. పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రెండు సిగ్నళ్ళు దాటాక అంది.

"ఐ యామ్ నాట్ మ్యాడ్, అమ్మా. బట్ యు కుడ్ హావ్ టోల్డ్ మి."

"ఏం చెప్పాలే?"

"దట్ యు సెడ్ నో. నువ్వు ఏడ్చావని నాన్న చెప్పారు. నన్ను వదిలి ఈవెన్ వన్ నైట్ ఉండలేనన్నావట. సో ఐ సెడ్, ఫైన్, ఐ వోంట్ గో."

చంద్రకళ పక్కనున్న ప్లాజాలోకి తిప్పి కారాపేసింది.

"నేను వద్దన్నానా?"

"యు ఆల్వేస్ డు. క్యాంప్, ఫ్రెండ్స్ ఇంట్లో స్లీపోవర్స్. నాన్న ఎప్పుడూ యెస్సే. అమ్మ ఒప్పుకోదు అంటారు."

ఏ క్యాంపు? తన దాకా ఏ క్యాంపూ రాలేదు. ఇన్నేళ్ళూ తన నోటితో ఎవరో వద్దంటుంటే, తను వంటింట్లో పప్పు నానబోస్తూ కూర్చుంది. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే, ఎక్కడిదో మరో మాట వచ్చి తగిలింది.

అనూకి ఏడాది నిండని రోజులవి. కాపురం ఇంకా విన్నిపెగ్‌లోనే. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో తనకు సీటొచ్చింది. నరసరావుపేట నుంచి అమ్మ వచ్చి కొన్నాళ్ళు పిల్లను చూసుకుంటే చాలు. అమ్మకు అల్లుడంటే మహా మర్యాద. ఏ కబురైనా ముందు అల్లుడుగారితో మాట్లాడాకే కూతురితో. ఆ రోజు కూడా అలాగే మాట్లాడి వచ్చి జయదేవ్ చెప్పాడు. "మీ అమ్మగారు రానన్నారు. ఆ చలిలో ఆయాలాగా పడి ఉండలేనన్నారు."

ఆయాలాగా. కన్నతల్లి అనాల్సిన మాటేనా అది? సీటు పోయింది. తర్వాత అమ్మతో పొడిపొడిగానే మాట్లాడింది చంద్రకళ. ఎందుకన్నావని అడగడానికి రోషం అడ్డొచ్చింది. అమ్మ మాత్రం ఫోన్ పెట్టేసే ముందు, "నీకు వీలైనప్పుడేలే తల్లీ, నాదేముంది" అనేది. తప్పించుకునే మాటలనుకుంది. అమ్మ పోయాక బీరువా సర్దుతుంటే చెల్లెలు అనితకు కవరైనా విప్పని ఉన్ని స్వెటరొకటి దొరికింది. ఇంత మందం, నిండు చేతులు. నరసరావుపేట ఎండలకు ఇదెందుకు కొనుక్కుందో మహాతల్లి అని, ఏడుపులోనే అందరూ నవ్వారు. చంద్రకళ కూడా నవ్వింది.

ఫోన్ మోగింది. కారు స్పీకర్లోంచి జయదేవ్ గొంతు.

"మా ఆఫీసు రామమోహనరావు గార్ని లంచ్‌కి పిలిచాను. దోశలు పోస్తావుగా? చట్నీకి కొబ్బరి ఉందా?"

"అనూ మాంట్రియల్ వెళ్ళనని మీతో అందా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? దానికే ఇష్టం లేదు. నీతో చెప్పలేక నాతో చెప్పుకుంది."

అనూ నోరు తెరవబోయింది. చంద్రకళ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"సరే. మరి మా అమ్మ ఏమంది మీతో?"

అవతల ఫ్రిజ్ తలుపు మూసిన చప్పుడు.

"అవన్నీ ఇప్పుడెందుకు?" అన్నాడు.

ఎప్పుడు అని అడగలేదు. ఏ విషయం అని కూడా అడగలేదు. విన్నిపెగ్ నాటి మాట వెతుక్కోకుండానే దొరికింది అతనికి. అమ్మ రానని అనలేదన్నమాట; రావడానికే ఆ స్వెటర్ కొనుక్కుంది. చంద్రకళకు ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ కోసం వచ్చిన ఆ ఏడుపు అతని చెవిన పడకూడదని గొంతులోనే పట్టి ఆపింది.

"పిండి ఓవెన్‌లో ఉంది. దోశలు మీరే పోసుకోండి" అని ఫోన్ పెట్టేసింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని కూతురివైపు తిరిగింది. "నేనెప్పుడూ వద్దనలేదమ్మా. ఈ రాత్రికి రామని యూనివర్సిటీ వాళ్ళకి చెప్పేశావా?"

అనూ తల అడ్డంగా ఊపింది. "నాట్ యెట్."

"వెళ్ళాలనుందా? నాతో చెప్పు."

"ఉంది" అంది అనూ, తెలుగులోనే.

చంద్రకళ కారు స్టార్ట్ చేసింది. ఆమె ఎప్పుడూ హైవే మీద కారు నడపలేదు. నీ వల్ల కాదని ఆ మాట కూడా అతనే చెప్పాడు. అనూ ఫోన్‌లో మాంట్రియల్‌కి దారి పెట్టి, తల్లి ఒంటిమీది జాకెట్ వైపు చూసింది.

"అమ్మా, ఇట్స్ ఫ్రీజింగ్ దేర్. నీకు స్వెటర్ కూడా లేదు."

"దారిలో కొంటాను" అంది చంద్రకళ. "కొని, వేసుకుంటాను."