అరణపు పిల్ల

అనురాధమ్మ చేజర్ల నుంచి వరికుంటపాడు పక్కకు కాపురానికి వచ్చిన రోజు ట్రాక్టరులోంచి పందిరి మంచం దిగింది, ఇత్తడి గంగాళం దిగింది, పాడావూ దూడా దిగాయి. వాటి వెనకాలే ముక్కు ఎగబీల్చుకుంటూ ఓబులమ్మ దిగింది. పుట్టింటివాళ్లు కూతురి వెంట పంపే సొమ్మును అరణం అంటారు. ఎక్కడా ఇప్పుడు మనుషుల్ని అరణం ఇవ్వడం లేదంటారు గానీ, అనురాధమ్మ తండ్రి చేజర్ల పెద్దాయన పాతకాలపు మనిషి. చెరువు కట్ట కింద తన నేలలో గుడిసె వేసుకున్న ఓబులమ్మ తల్లిని పిలిచి, "మా అమ్మణ్ణికి తోడుగా నీ కూతుర్ని పంపవే, కడుపునిండా తింటాది" అన్నాడు. ఆ తల్లి కాదనే మాట ఎప్పుడూ నేర్చుకోలేదు.

ఆవు వట్టిపోతే సంతకు తోలారు. గంగాళానికి సొట్టలు పడితే అటకెక్కించారు. ఓబులమ్మ మాత్రం ఆ ఇంట్లో అరగకుండా తరగకుండా పెరిగి పెద్దదైంది. కోడి కూయకముందే కల్లాపి, పొద్దు గూకినాక అమ్మణ్ణి కాళ్లు పట్టడం. జీతం లేదు. అమ్మణ్ణి కట్టి విడిచిన చీరలు మాత్రం ఉండేవి.

"కొన్నదానివైతే బాకీ తీర్చుకోని బయటపడుదువు మే," అనేవాడు పొలం కాపలా ముసలి చెంచయ్య. "ఇచ్చినదానికి ధర యాడుంటాది? ధర లేందాన్ని ఎవురు విడిపిస్తారు?"

ఆ మాటకు నవ్వేసేది ఓబులమ్మ. జయపాల్ వచ్చేదాకా.

జయపాల్ ఆత్మకూరులో సొంత అంగడి పెట్టుకుని మోటార్లకు వైండింగ్ చేసే మేస్త్రీ. వరికుంటపాడు పక్క బావుల్లో మోటారు కాలిందంటే అతనికే కబురు. అమ్మణ్ణి వాళ్ల బావిలో మోటారు కాలిన మొదటిరోజు ఓబులమ్మ అన్నం క్యారియరు మోటారు కొట్టం గడప మీద పెట్టి తిరిగి పోబోతుంటే, వెనకనుంచి అడిగాడు:

"నువ్వు తిన్నావా?"

ఓబులమ్మ ఆగి వెనక్కి తిరిగింది. ఆ ఇంట్లో అందరూ తిన్నారో లేదో చూసే మనిషి తను. తనను ఎవరూ అడిగి ఎరగరు.

"నేను తింటే నీకెందుకు, తినకపోతే నీకెందుకు మేస్త్రీ?"

"ఊరికే అడిగినాను. ఒంటిగా తినాలంటే నాకు సయించదు."

ఆ ఏడాది ఆ మోటారు కాలినన్ని సార్లు మండలంలో మరే మోటారూ కాలలేదు. "అది కాలేది కరెంటుకు కాదబ్బా," అని చెంచయ్య బీడీ వెలిగించేవాడు, "ఎవురి చూపు తగిలో." రాగి తీగ చుట్టుకుంటూ జయపాల్ కీర్తనలు పాడేవాడు. ఒక దొర కింద మగ్గిన బానిస జనాన్ని దేవుడు సముద్రం చీల్చి దాటించిన బైబిలు కథ చెప్పాడు. ఓబులమ్మ గట్టు మీద కూర్చుని విన్నది.

"వాళ్లు పోతామని దొరను అడిగినారా?"

"అడిగినారు. పదిసార్లు అడిగినారు."

"పంపినాడా?"

"యాడ పంపినాడు! దేవుడే తీసకపోయినాడు."

"అట్టయితే అడగడం దేనికి?" అన్నది ఓబులమ్మ.

జయపాల్ నవ్వాడు. కానీ ఆమె ఆ కథను ఇంటికి మోసుకుపోయింది. గిన్నెలు తోముతూ, పాలు పితుకుతూ, ఎవరికీ వినపడకుండా ఆ దేవుడితో మాట్లాడటం మొదలుపెట్టింది. అడిగింది ఒకటే. ఒక గుడిసె, అందులో తన పొయ్యి, ఆ పొయ్యి తనకు తోచినప్పుడు వెలిగించుకోవడం.

జయపాల్ పెళ్లి మాట ఎత్తిన రోజు ఆమె దారి కూడా చెప్పింది. "అమ్మణ్ణి పుట్టింటికి పోతా ఆత్మకూరు బస్టాండులో బస్సు మారతాది. నేను ఆడ దిగి నీ వెంట వచ్చేస్తా. లేచిపోయిందని నాలుగు దినాలు తిడతారు. పెద్దింటి పరువు గదా, బయట పెట్టుకోరు, వాళ్లే నోరు మూసుకుంటారు. నువ్వు మాత్రం పోయి అడగబాక."

"అడక్కుండా ఎట్ట? మా అమ్మ ఒప్పుకోదు. మా సంఘంలో పిల్లను అడిగే చేసుకుంటారు. ఇంకోటి, నువ్వు బాప్తిస్మం తీసుకోవాల, సంఘం ముందర నిలబడాల. దొంగతనంగా తెచ్చినానని అనిపించుకుంటే నీకే గదా చెడ్డపేరు."

"పిల్లను అడిగేది కన్నోళ్లను. వాళ్లు నన్ను కన్నారా?"

"పెంచినారు గదా."

ఓబులమ్మకు గొంతు దాకా ఒక మాట వచ్చింది. అడిగితే వాళ్లు నీకు ఇచ్చేవాళ్లవుతారు, ఇచ్చేవాళ్లంటే సొంతదార్లే గదా అని. ఆ మాటను ఎలా కూర్చి చెప్పాలో తెలియక ఖాళీ క్యారియరు తీసుకుని లేచింది.

ఒక ఆదివారం సాయంత్రం జయపాల్ తల్లి లిదియమ్మ, పాస్టరు వరప్రసాదం గారు, ముందు నడుస్తూ జయపాల్ వచ్చారు. పళ్లెంలో అరటిపండ్లు, పసుపు చీర. తలుపు వెనక నిలబడి ఓబులమ్మ చెవి ఒగ్గింది.

అనురాధమ్మ భర్త గోవిందయ్య కడుపులో చల్ల కదలకుండా మాట్లాడే మనిషి. కోపం ఆయన ఒంటికి పడదు. అందరికీ కుర్చీలు వేయించి, కాఫీ తెప్పించి, చెప్పిందంతా విన్నాడు.

"అయ్యగారూ, మీరు పద్ధతిగా వచ్చి అడిగినారు. ఈ కాలంలో ఎవురడుగుతారు? ఆ పిల్ల మా ఇంటి పిల్ల. మతం మీదైనా మాకేం అడ్డం లేదు. పెండ్లి మేమే చేస్తాం. ఒక్కటే మాట. అది లేకపోతే మా ఇంటామెకు పొద్దు గడవదు. మోటారు కొట్టం పక్కన రెండంకణాల ఇల్లు ఏయిస్తా. ఇద్దరూ ఆడే ఉండండి. మోటార్లు చూసుకుంటా మేస్త్రీ కూడా మా మనిషే అవుతాడు."

పాస్టరు గారి ముఖం విప్పారింది. "దేవుడే మీ హృదయం తెరిచినాడు. మీ మాట దాటి ఈ పిల్లను తీసకపోమని దేవుని ముందర మాటిస్తున్నాను."

"మంచిది," అన్నాడు గోవిందయ్య. ఆయనకు కావలసింది ఆ ఒక్క మాటే.

లిదియమ్మ కళ్లొత్తుకుంది. "యాకోబు రాహేలు కోసరం మామింట్లో పద్నాలుగేండ్లు కొలువు చేసినాడు నాయనా. నువ్వు చేయలేవా?"

"చేస్తానమ్మా," అన్నాడు జయపాల్, సంతోషంగా.

ఆ మాపు కాళ్లు పట్టించుకుంటూ అనురాధమ్మ మురిసిపోయింది. "నన్నిడిచి పోతావేమో అని అన్నం దిగలేదే నాకు. ఇంక నిశ్చింత. మన పాపకు ఎనిమిదేండ్లొచ్చినాయి. రేపు నీకు ఆడపిల్ల పుడితే దాని చేతి కిందికి సరిపోతాది. అత్తగారింటికి పోయేటప్పుడు తోడుగా పంపచ్చు."

ఆమె ప్రేమగానే అన్నది. మనసులో విషం లేదు. ఓబులమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏందే, నిద్రొస్తా ఉండాదా?"

"లేదమ్మణ్ణీ," అని మళ్లీ పట్టింది.

మర్నాడు మోటారు కొట్టం దగ్గర జయపాల్ ఇల్లు వేసే చోట తాడు పట్టుకుని కొలుస్తున్నాడు. ఓబులమ్మ అతని చేతిలో తాడు లాగేసింది.

"ఇప్పుడైనా పోదాం రా. నీ కాళ్లు మొక్కుతా."

"పాస్టరయ్యగారు దేవుని ముందర మాటిచ్చినాడే. దాన్నెట్ట దాటేది? మనకు పెండ్లి ఎవురు చేస్తారు?"

"నీ అంగడి?"

"అంగడి యాడికి పోతాది! రెండేండ్లు ఈడ ఉండి, వాళ్ల మనసు కరిగినాక పోదాం. నీ కోసరం ఎన్నాళ్లయినా ఉంటా ఓబులా."

అతను ఉంటాడు. ఆమె భయమూ అదే. నవ్వుకుంటూ, పాడుకుంటూ ఉంటాడు. ముందు మోటార్లు, తర్వాత బర్రెలు, ఆ తర్వాత ఎరువు బస్తాలు. పిల్లలు పుడతారు. ఒక రోజు ఆ ఇంటి ముందు ట్రాక్టరు వచ్చి ఆగుతుంది.

మరుసటి ఆదివారం గోవిందయ్య జీపులో ఓబులమ్మను ఆత్మకూరు చర్చికి తెచ్చాడు. పక్కన అనురాధమ్మ. ఆ సంఘంలో బాప్తిస్మం కోరేవాళ్లు ముందు అందరి ఎదుట నిలబడాలి. సంఘం చేతులెత్తి ఒప్పుకున్నాక తమ నోటితో ఇష్టం చెప్పాలి. ఆ తర్వాతే సోమశిల నీళ్లలో మునక. చేరినవాళ్లకే చర్చిలో పెళ్లి. కుర్చీలో గోవిందయ్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చాపల మీద లిదియమ్మ, కొత్త చొక్కాలో జయపాల్. అతను ఆమెను చూసి కళ్లతోనే ధైర్యం చెప్పాడు.

"ఈ సహోదరిని చేర్చుకోవడానికి ఇష్టమైనవాళ్లు చేతులెత్తండి," అన్నారు పాస్టరు గారు.

చర్చి మొత్తం చేతులెత్తింది. ముసలమ్మలు రెండు చేతులూ ఎత్తారు. తన కోసం అన్ని చేతులు లేవడం ఓబులమ్మ పుట్టి ఎరగదు.

"అమ్మా, నీ అంతట నువ్వే, ఎవురి బలవంతం లేకుండా వస్తా ఉండావా? నీకు ఇష్టమేనా?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమెను అడిగింది ఇదే మొదలు. ఇష్టమేనని చెప్పడానికి ప్రాణం లాగుతోంది. చెబితే జయపాల్ తన వెనకాలే ఆ ఇంట్లోకి నడుస్తాడు. ఆ ఇల్లే వద్దని ఉన్నమాట చెప్పినా నడుస్తాడు.

"ఇష్టం లేదు," అన్నది ఓబులమ్మ.

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

"సరిగా చెప్పమ్మా. దేవుడి మీద నమ్మకం లేదా?"

"లేదయ్యా." నోటితో అంటూనే లోపల ఆ దేవుణ్నే పిలిచింది, నువ్వు వినబాక సామీ అని.

"మరి మా వాడి మీద?" లిదియమ్మ లేచి నిలబడింది. "ఏడాది పొడుగునా వాడిని తిప్పుకుంటివే!"

"కూడు పెట్టినాను. ఆయన ఏదో అనుకుంటే నేనేం చేసేది?"

"ఓబులా," అన్నాడు జయపాల్. ఆమె తిరిగి చూడలేదు. చూస్తే మాట తప్పుతుంది.

"ఛీ! దేవుని ఇంట్లోకొచ్చి ఇంతమందిని తలొంచుకునేలా చేస్తివి. నా కొడుకును మళ్లీ ఆ ఊరి మొగం చూడనిస్తే నన్నడుగు," అంటూ లిదియమ్మ కొడుకు చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఓబులమ్మకు కావలసిందీ అదే.

జీపు ఉదయగిరి రోడ్డెక్కింది. గోవిందయ్య ఈల వేసుకుంటూ నడిపాడు. వెనక సీట్లో అనురాధమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నన్నిడిచి ఉండలేకపోతివి గదే! నాకు తెలుసు."

"అవునమ్మణ్ణీ," అన్నది ఓబులమ్మ.

కాసేపటికి ఎండకు, కుదుపులకు అనురాధమ్మ ఆమె భుజం మీదికి ఒరిగి నిద్రపోయింది. గుంత వచ్చిన ప్రతిసారీ తల ఇనపకమ్మికి కొట్టుకోబోతోంది. ఓబులమ్మ అరచెయ్యి అడ్డం పెట్టి, ఇల్లు చేరేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.