ఒంటికి హాజరు పట్టీ

సైన్సు మాస్టారు పరాయిదేశపు బళ్లో చేరి నెల కూడా తిరక్కముందే హెడ్మిస్ట్రెస్ గారు ఆయన్ని గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, చల్లగా చెప్పింది. బడి జీతమిస్తుంది, ఉండడానికి రెండు గదుల ఇల్లిస్తుంది, కానీ జబ్బు చేస్తే పూచీ పడదు. మాస్టారూ ఆయన భార్యా సొంతంగా ప్రైవేటు ఆరోగ్య బీమా చేయించుకుని, ఆ కాగితాలు శుక్రవారంలోగా ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే ఉద్యోగమూ ఉండదు, వీసా కూడా ఉండదు, వచ్చిన దారినే పోవాలి. బీమా లేకుండా ఆ ఊళ్లో ఆస్పత్రి గుమ్మం తొక్కితే ఏడాది జీతం అక్కడే దింపి రావాలని స్టాఫ్ రూములో తోటి టీచర్లు చెప్పారు.

మూడు కంపెనీల పాలసీలు తెచ్చుకున్నారు. తెచ్చుకుని చదివారా? అక్కడే ఉంది అసలు సంగతి. ఇరవై రెండేళ్లు పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దిన చెయ్యి అది. రోజుకు నలభై పేపర్లు దిద్దమంటే ఎవరైనా ఏం చేస్తారో ఆయనా అదే చేసేవారు. మొదటి పేజీలో దస్తూరీ, చివరి పేజీలో ముగింపు, మధ్యలో దారంతో కట్టిన అడిషనల్ షీట్లు ఎన్నున్నాయో బొటనవేలితో ఒక తడుము, అంతే. పేపరు లావుంటే మార్కులూ లావుగా పడేవి.

ఇప్పుడూ అంతే చేశారు. భోజనాల బల్ల మీద మూడు పాలసీలూ పరిచి ఎర్ర పెన్ను మూత తీశారు. మొదటిది నాలుగు పేజీలు. "వీడసలు ఏమీ రాయలేదు" అని ముప్పై నాలుగు వేశారు. రెండోది పదహారు పేజీలు, బొమ్మల్లేవు, యాభై ఒకటి. మూడోది అరవై నాలుగు పేజీలు! అంచుకు గీత కొట్టి, ప్రతి పేజీకీ నంబరు వేసి, మధ్యలో మనిషి శరీరం బొమ్మ గీసి, బాణాలు పెట్టి భాగాల పేర్లు కూడా రాశారు. మాస్టారు కరిగి నీరైపోయారు.

"తొంభై ఆరు!" అన్నారు భార్యతో. "ఇంత ఒద్దికగా రాసినవాడు మనల్ని మోసం చేస్తాడటోయ్?"

"లోపల చదివారా?" అందావిడ.

"చదవడమెందుకు, బొమ్మ చూడు. పిత్తాశయం కూడా సరైన చోట పెట్టాడు!"

"మీ చేతిలో పాసైన పిల్లల్ని తలుచుకుంటే నాకు భయమేస్తోంది" అని ఆవిడ ముక్కున వేలేసుకుంది. కానీ అప్పటికే మాస్టారు సంతకం పెట్టడానికి నీలం పెన్ను వెతుక్కుంటున్నారు.

ఆ కంపెనీ తరఫున వచ్చిన బీమాయన మన భాషవాడే. ఎప్పుడో వచ్చి అక్కడే స్థిరపడిపోయాడు. నున్నగా దువ్విన తల, నెమ్మదైన మాట. సంతకాలన్నీ అయ్యి, కాగితాలు బడి ఆఫీసుకు చేరిన మర్నాడు తీరిగ్గా వచ్చి నలభై ఒకటో పేజీ తెరిచాడు.

"చిన్న విషయం మాస్టారూ. మొదటి తొంభై రోజులూ మీకు ఏ జబ్బూ రాకూడదు."

"వస్తే?"

"ఏ భాగానికి వస్తే ఆ భాగం పాత జబ్బు లెక్కలోకి పోతుందండి. ఇక ఈ జన్మకి దానికి పాలసీ వర్తించదు. తొంభై దాటాక మాత్రం నెత్తి నుంచి కాలిగోరు దాకా పూచీ మాది."

"రాకుండా ఎలా ఆపమంటావయ్యా?"

"అది పాలసీలో రాయలేదండి" అన్నాడు బీమాయన వినయంగా. "నేను ప్రతి గురువారం ఫోన్ చేసి బాగున్నారా అని అడుగుతాను. బాగున్నాం అనండి, చాలు. మాటలు రికార్డవుతాయి."

ఒక్క మాట చెబితే గట్టెక్కే పరీక్ష. అందులోనూ మొదటి వారమే తప్పారు. ఎలా తప్పరు చెప్పండి? ఎవరైనా బాగున్నారా అని అడిగితే, బాగున్నామని మనవాళ్లు ఠక్కున చెప్పేస్తారా? దిష్టి తగలదూ? కాస్త నసిగి, ఒక నొప్పేదో కలిపితే గానీ మర్యాదగా ఉండదు. గురువారం ఫోన్ మోగగానే మాస్టారుగారి భార్య ఎత్తి, "ఏదో బాబూ, ఇలా ఉన్నాం. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, ఏం చేస్తాం" అంది.

శనివారానికల్లా ఉత్తరం వచ్చింది. "తమ భార్యగారి రెండు మోకాళ్లనూ పాలసీ నుంచి తొలగించడమైనది" అని. దాంతోపాటు ఆ శరీరం బొమ్మ మళ్లీ అచ్చువేసి పంపారు. తొడలకూ పిక్కలకూ మధ్య తెల్ల కాగితం.

"అయ్యో అయ్యో, మాటవరసకి అన్నానండీ! నా మోకాళ్లు నిక్షేపంలా ఉన్నాయి!" అని ఆవిడ లబలబలాడింది. రుజువు కోసం నట్టింట్లో పది గుంజీళ్లు కూడా తీసింది. ఉత్తరం తెచ్చినవాడు అప్పటికే వీధి మలుపు తిరిగిపోయాడు.

రెండో గురువారం మాస్టారే ఫోన్ ఎత్తారు. బాగున్నాం అనబోయేసరికి తుమ్ము వచ్చింది. ముక్కు పోయింది. మూడో గురువారం ఉండబట్టలేక, "మీతో పెద్ద తలనొప్పిగా ఉందయ్యా" అని కసిరారు. తల పోయింది. కొత్తగా వచ్చిన బొమ్మలో మాస్టారు మెడ దగ్గర్నుంచి మొదలవుతున్నారు.

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది, ఆ నెత్తికి పాలసీ లేకపోయినా సరే. "ఇలా అయితే తొంభయ్యో రోజుకి మన బొటనవేళ్లు మిగుల్తాయోయ్. ఇది క్రమశిక్షణ లేక వచ్చిన గొడవ" అని తేల్చారు. బడి నుంచి కొత్త హాజరు పట్టీ ఒకటి తెచ్చి, పిల్లల పేర్లు రాసే చోట కళ్లు, చెవులు, గొంతు, గుండె, పొట్ట, నడుము, అరికాళ్లు అని వరసగా ఎక్కించారు. రోజూ పొద్దున ఏడింటికి ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడాలి. నిద్రలో లేపి అడిగినా నోట్లోంచి ఒకే జవాబు రావాలని ఆయన పట్టుదల.

"కళ్లు?"

"ప్రెజెంట్ సార్."

"గుండె?"

"ప్రెజెంట్ సార్. ఏమండీ, పొయ్యి మీద పాలున్నాయి..."

"హాజరప్పుడు మాట్లాడకూడదు. పొట్ట?"

"ప్రెజెంట్ సార్."

మొదటి రోజు ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. నిజం చెప్పాలంటే పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ పొద్దున్నే ఎదురెదురుగా నిలబడి అంతసేపు మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు. రెండోరోజు పొట్ట దగ్గర ఆవిడ ఒక్క క్షణం ఆగింది. మాస్టారు ఎర్ర పెన్ను పైకెత్తి "ఊఁ?" అన్నారు. "ప్రెజెంట్ సార్" అందావిడ. టిక్కు పడింది.

ఆ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. గురువారం ఫోన్ మోగితే చాలు, "దివ్యంగా ఉన్నాం!" అని ఇద్దరూ ఒకే గొంతుతో అరిచేవారు. బీమాయన కూడా మెచ్చుకున్నాడు. వారాల తరబడి ఉత్తరాల్లేవు, బొమ్మలో ఇంకే భాగమూ చెరగలేదు. యాభై రోజులు, అరవై రోజులు, డెబ్భై రోజులు. మాస్టారు స్టాఫ్ రూములో రొమ్ము విరుచుకుని తిరిగారు.

ఇక్కడ నాకు ఆయన మీద ఒళ్లు మండుతుంది. క్లాసులో ఒకడి బదులు ఇంకొకడు ప్రెజెంట్ చెబితే, వీపు తిప్పి బోర్డు మీద రాస్తూ కూడా గొంతు వినే పట్టేసే మనిషి ఆయన. ప్రాక్సీ అంటే దొంగతనంతో సమానమని పిల్లలకు గంటసేపు క్లాసు పీకేవారు. అలాంటి మనిషి ఇంట్లో, భార్య రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపితే "మితాహారం మంచిదేలే" అన్నారు. జాకెట్లు వదులైపోయాయని ఆవిడ కుట్లు బిగించుకుంటుంటే "సన్నబడ్డావోయ్" అని మురిశారు. గిన్నెలు కడుగుతూ కడుగుతూ ఆవిడ కుడిచెయ్యి పక్కటెముకల కింద అదుముకుని సింకు అంచు పట్టుకుని నిలబడిపోతే, ఆ పక్కనుంచే పంపు కట్టేసి నీళ్లు వృథా చెయ్యకూడదని చెప్పి వెళ్లారు. అదే వారం బళ్లో జీర్ణవ్యవస్థ పాఠం. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే అశ్రద్ధ చెయ్యకూడదని పిల్లలందరి చేతా మూడుసార్లు వల్లె వేయించారు. వేయించి ఇంటికొచ్చి మర్నాడు పొద్దున పొట్టకు టిక్కు పెట్టారు.

ఎనభై నాలుగో రోజు పొద్దున.

"గుండె?"

"ప్రెజెంట్ సార్."

"పొట్ట?"

జవాబు లేదు.

"పొట్ట!" అన్నారు మాస్టారు, పట్టీలోంచి తల ఎత్తకుండానే, వెనక బెంచీవాణ్ణి గద్దించినట్టు.

అప్పుడు చప్పుడైంది. తల ఎత్తి చూస్తే ఆవిడ గుమ్మానికి జారగిలబడి, నేలమీద ముడుచుకుని, పెదవి పంటికింద పెట్టుకుని ఉంది. ట్యాక్సీ ఎలా పిలిచారో, ఆవిణ్ణి ఎలా ఎక్కించారో ఆయనకే తెలీదు. ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడ్డాక చూసుకుంటే కాళ్లకు చెప్పుల్లేవు, చంకలో హాజరు పట్టీ మాత్రం ఉంది.

కౌంటర్లో బీమా కార్డు చూపించగానే కంపెనీకి కబురు వెళ్లిపోయింది. డాక్టరమ్మ స్కాన్ తీయించి చూసేసరికి బీమాయన తల దువ్వుకుని, ఫారం పట్టుకుని మంచం రెండో పక్కన సిద్ధంగా ఉన్నాడు.

డాక్టరమ్మది ఆ దేశపు భాష. మాస్టారుగారి భార్యకు ఆ భాషలో ధర అడగడం, థాంక్స్ చెప్పడం తప్ప రాదు. ఏది అడిగినా, ఏది చెప్పినా మాస్టారి నోటి మీదుగానే సాగాలి.

"పిత్తాశయంలో రాళ్లున్నాయి, బాగా వాచింది" అంది డాక్టరమ్మ మాస్టారితో. "ఈ నొప్పి ఎప్పటినుంచో సరిగ్గా అడిగి చెప్పండి. ఇవాళే మొదలైతే మందులిచ్చి పంపిస్తాను, వారం తర్వాత చూద్దాం. చాలా రోజుల్నించి ఉంటే మాత్రం అది ఎప్పుడైనా పగలొచ్చు. ఇవాళే ఆపరేషన్ చెయ్యాలి."

బీమాయన వంగి మాస్టారి చెవిలో ఇల్లు కట్టుకున్నాడు. "ఆరు రోజులు మాస్టారూ, ఆరే ఆరు రోజులు! ఇవాళ ఏదో తిన్నది పడలేదని చెప్పండి, నేను జబ్బు కింద రాయను. వారం తర్వాత వస్తే మీ చేతి నుంచి పైసా పడదు. నేనూ మనవాణ్ణే, మీ మేలు కోరి చెప్తున్నా."

మాస్టారు భార్య వైపు వంగి డాక్టరమ్మ అడిగింది చెప్పారు. ఆవిడ ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

"ఇవాళే అని చెప్పెయ్యండి. ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను, ఇంకో ఆరు రోజులు ఓర్చుకోలేనా?"

"ఇన్నాళ్లా?" అన్నారు మాస్టారు. "ఎన్నాళ్లు?"

ఆవిడ కళ్లు తిప్పేసుకుంది. "మీరు హాజరు మొదలుపెట్టిన రెండోరోజు నుంచి. అప్పటికే నా మోకాళ్లు పోయాయి, మీ తల పోయింది. పొట్ట కూడా పోతే మీ పాలసీలో ఇంకేం మిగులుతుందని... నొప్పి వచ్చినప్పుడల్లా ప్రాక్సీ చెప్పానండీ. తిట్టకండి."

మాస్టారు తిట్టలేదు. నిటారుగా నిలబడి, డాక్టరమ్మ వైపు తిరిగి, ఆ దేశపు భాషలో ఒక్కో ముక్కా విడగొట్టి చెప్పారు. "అరవై ఒక్క రోజులు. రోజూ ఉంది. రోజూ నా ఎదురుగానే నిలబడింది."

"అనేశారా!" అని బీమాయన తల పట్టుకున్నాడు. "పొట్ట పోయినట్టే మాస్టారూ. ఇక మొత్తం మీ నెత్తినే."

"రాసుకోవయ్యా" అన్నారు మాస్టారు. "పొట్ట రాసుకో, గుండె రాసుకో, నీ ఇష్టమొచ్చినవన్నీ రాసుకో. బొమ్మ మొత్తం తెల్లకాగితం చేసి పంపు. మనిషి నాకు కావాలి."

మంచాన్ని లోపలికి తోసుకెళ్లారు. తలుపు మూసేదాకా ఆవిడ ఏదో చెబుతూనే ఉంది, ఉద్యోగమని, జీతమని, పొయ్యి కట్టేశారా అని. మాస్టారు వరండాలో బల్ల మీద కూలబడ్డారు. ఏడాది జీతం తన చేతులతోనే కట్టుకుంటానని ఒప్పుకుంటూ ఎవరో ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టారు. ఈసారి అన్ని పేజీలూ చదివి మరీ పెట్టారు.

తర్వాత జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఒళ్లో పట్టీ తెరిచారు. పొట్ట వరసలో ఉన్న టిక్కుల్ని రెండోరోజు నుంచి ఒక్కొక్కటే కొట్టేశారు. అన్నీ అయ్యాక ఆ పేజీ అడుగున, అరికాళ్ల కింద ఖాళీగా ఉన్న గీతలో, "మాస్టారు" అని కొత్త పేరు ఎక్కించారు. దానికెదురుగా అరవై ఒక్క గళ్లలోనూ ఆబ్సెంట్ అని గుర్తు పెట్టుకుంటూ పోయారు.

బీమాయన పక్కన కూర్చుని వింతగా చూశాడు. ఫారం తిరగేసి, బొమ్మలో బాణాలన్నీ వెతికి, "ఇది ఏ భాగం కిందికి వస్తుందండీ?" అని అడిగాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నర్సు చేతిలో చీటీ పట్టుకుని బయటికొచ్చి, వరండాలో కూర్చున్న జనాన్ని కలయజూసి, అందరికీ వినబడేలా పిలిచింది.

"పొట్ట ఆపరేషన్ అయినావిడకి స్పృహ వచ్చింది, బాగానే ఉంది. ఆవిడ తాలూకు ఎవరు?"

మాస్టారు పట్టీ కింద పడిపోవడం కూడా చూసుకోకుండా లేచి నిలబడ్డారు. ఉత్త కాళ్లతో, చెయ్యి పైకెత్తి అన్నారు.

"ప్రెజెంట్."